ఆఖరి మిల్లీమీటరు గాలి

మస్కట్ నుంచి సలాలాకు విమానం గంటన్నరలో దింపేస్తుంది. రోడ్డు మీదైతే దాదాపు 1000 కిలోమీటర్లు. అందులో చాలా భాగం చెట్టూ చేమా లేని రాతి బయలు. జూలైలో ఆ బయలు మీద వడగాలి కొడుతూ ఉంటుంది. అయినా రోడ్డు మీదే వెళ్లాలన్నది నా పట్టు. ఉద్యోగ జీవితమంతా ఒక్క పనే చేశాను: కదిలే గాలికీ, అది ఆనుకుని పోయే తలానికీ మధ్య ఎంత పదార్థం చేతులు మారుతుందో లెక్క కట్టడం. తడి గుడ్డ మీంచి పోయే ఆవిరి, ఉప్పు మడి మీంచి పోయే నీరు, కొలిమి ఇటుక మీద కూడే మసి, అన్నిటికీ అదే లెక్క. విమానంలో పోతే ఆ వెయ్యి కిలోమీటర్లలో ఆ లెక్క ఎన్నిసార్లు తారుమారవుతుందో కంటపడదు.

బండి తోలే అతను రాయచోటివాడు. ఒమాన్‌లో చాలా ఏళ్లుగా ఉన్నాడు. అరబ్బీ గడగడా మాట్లాడతాడు, మనతో మాత్రం కడప మాటే. మస్కట్‌లోని రువీలో మన భోజనం ఎక్కడ బాగుంటుందో మొదటి పూటే చెప్పేశాడు. మస్కట్‌లో చొక్కా ఒంటికి అంటుకుపోయి, చెమట కారడమే తప్ప ఆరకపోవడం చూసి, "ఈడ ఇంతే సార్. ఎండ కన్నా ఈ ఉబ్బరమే సంపుతాది. నిజ్వా దాటినాక సూద్దురు, ఎండ మండుతాది గానీ సెమట కనపడదు" అన్నాడు. నేను పాఠం చెప్పాలనుకున్న చోటే అతను పాఠం మొదలుపెట్టాడు.

ముందు నేను ఈ లెక్క నేర్చిన ప్రయోగశాల సంగతి చెప్పుకోవాలి, లేకపోతే దారిలో చూసినదానికి తలా తోకా ఉండదు.

గాలి సొరంగం పేరు వింటే ఏదో మహా నిర్మాణం అనిపిస్తుంది. నేను చదువుకున్న రోజుల్లో చూసినది పొడవాటి చెక్క పెట్టె. ఒక కొసన పెద్ద ఫ్యాను గాలిని లాగుతుంది. రెండో కొసన, గాలి లోపలికి వచ్చే చోట, దాని సుడులన్నీ చదును చేయడానికి తేనెపట్టు అరల చట్రం, వెనకే సన్నటి జాలీలు. నడుమ గాజు కిటికీ ఉన్న గది. ఆ గదిలో పలక. పలక మీద కరిగించి పోసి నున్నగా చెక్కిన నాఫ్తలీన్, అంటే మనం బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండల పదార్థం. ఇది కరిగి కారదు. గడ్డ నుంచి నేరుగా ఆవిరైపోతుంది. గంటసేపు గాలి వదిలి, పలకను బయటికి తీసి, డయల్ గేజి ముల్లును అంగుళం అంగుళం దించుకుంటూ పోతే ఏ చోట ఎంత లోతు తరిగిందో తెలుస్తుంది. ఆ లోతే ఆ చోట గాలి పట్టుకుపోయిన పదార్థం. గది వేడి ఒక్క డిగ్రీ మారినా నాఫ్తలీన్ ఆవిరి ఒత్తిడి దాదాపు 10 శాతం మారిపోతుంది. అందుకని ఫ్యాను దగ్గర కన్నా థర్మామీటరు దగ్గరే ఎక్కువసేపు కాపలా కాసేవాళ్లం.

ఆ లోతుల గీత చూడటానికి ఎంతో బాగుంటుంది. గాలికి ఎదురుగా ఉన్న అంచు దగ్గర బాగా తరుగుతుంది. వెనక్కి పోయేకొద్దీ తరుగు తగ్గుతూ వస్తుంది. దండెం మీద ఆరేసిన తడి చీరకు అంచులు ముందు ఆరి నడుమ చెమ్మ మిగులుతుంది చూడండి, ఇదీ అలాంటిదే. అంచు తగిలిన గాలి పొడిది, లోపలికి వచ్చేసరికి అది సగం నిండిపోయి ఉంటుంది. అంతవరకు ఎవరైనా ఊహించగలరు. కానీ కొంత దూరం పోయాక ఒక చోట గీత ఉన్నట్టుండి మళ్లీ లోతుకు దిగుతుంది. అప్పటిదాకా పొరలు పొరలుగా బుద్ధిగా జారిన గాలి అక్కడ కల్లోలమవుతుంది. సుడులు పై నుంచి పొడి గాలిని కిందికి తెచ్చి పడేస్తాయి, నిండిన గాలిని ఎత్తుకుపోతాయి. నున్నని పలక మీద గాలి వేగం రెట్టింపు చేస్తే, బుద్ధిగా జారే గాలిలో బదిలీ దాదాపు 1.4 రెట్లే పెరుగుతుంది. కల్లోల ప్రవాహంలో 1.7 రెట్లు దాటుతుంది.

1904లో హైడెల్‌బర్గ్ గణిత మహాసభలో లూడ్విగ్ ప్రాంట్ల్ అనే జర్మన్ ఆచార్యుడు చదివిన చిన్న పత్రం దీనికంతటికీ మూలం. గాలి ఎంత జోరుగా వీచినా తలాన్ని తాకిన చోట దాని వేగం సున్నా అనీ, ఆ సున్నా నుంచి పూర్తి వేగానికి చేరే పలుచని పొరలోనే అసలు కథ నడుస్తుందనీ ఆయన చూపించాడు. నున్నటి తలం మీద గాలి సెకనుకు 8 మీటర్ల వేగంతో పోతుంటే, కల్లోలమైన పొరలో కూడా అట్టడుగున సుమారు పావు మిల్లీమీటరు మందాన సుడులు చొరలేని వరస ఒకటి మిగులుతుంది. నీటి అణువు ఆ పావు మిల్లీమీటరును సొంత కాళ్ల మీద, తోటి అణువుల తోపులాటలో దాటాల్సిందే. దాటిందా, ఆ పైన సుడి దాన్ని క్షణంలో మోసుకుపోతుంది. ఆవిరి కావడానికి ఉన్న అడ్డంకిలో చెప్పుకోదగ్గ వాటా ఆ పావు మిల్లీమీటరుదే. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ క్లైన్ బృందం నీటి కాలువలో సన్నని బుడగలు వదిలి చూసి, ఆ అడుగు వరస కూడా నిశ్చలంగా ఉండదనీ, సన్నటి చారలుగా పేరుకుని, ఉండుండి పైకి చిమ్ముతుందనీ కనిపెట్టింది.

ఈ చదువులో మనవాళ్ల చేయీ ఉంది. శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి పేరిచ్చిన సతీశ్ ధవన్ అసలు ఈ పొరల మనిషే. కాలిఫోర్నియాలో గాలి ఒరిపిడిని నేరుగా కొలిచే పని చేసి, 1951లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వచ్చాడు. 1958లో రొద్దం నరసింహతో కలిసి, బుద్ధిగా పోయే పొర ఎలా కల్లోలమవుతుందో రాసిన పత్రాన్ని ప్రపంచమంతా ఇప్పటికీ చదువుతుంది. వాల్తేరులో, ఆంధ్రా విశ్వవిద్యాలయం రసాయన సాంకేతిక విభాగంలో, ఆచార్య జి.జె.వి. జగన్నాథరాజు 1960లలో ఇదే ప్రశ్నను ద్రవాల్లో పట్టుకున్నారు. గోడ మీద అమర్చిన ఎలక్ట్రోడ్‌లోంచి పోయే కరెంటును కొలిచి, గోడ దగ్గరికి ఎంత పదార్థం చేరుతోందో లెక్క తీశారు. పరికరాలు వేరు, అడిగిన ప్రశ్న ఒకటే.

ఇక దారి.

నిజ్వా దాటి పడమరకు పోతే బహ్లా. ఊరి చుట్టూ మట్టి గోడ, మధ్యలో కోట. 1987లో యునెస్కో జాబితాకెక్కిన కోట అది. నాకు మాత్రం అక్కడి కుమ్మరులతోనే పని. బహ్లా మట్టి కుండలకు పేరు మోసిన ఊరు. జహ్లా అనే కూజాను తాళ్లతో వేలాడదీసి నీళ్లు పోస్తారు. నేల మీద పెట్టకపోవడంలోనే తెలివంతా ఉంది. వేలాడే కూజాకు అడుగు నుంచీ పక్కల నుంచీ గాలి తగులుతుంది. కూజా ఒళ్లంతా ఊరే చెమ్మ అన్ని వైపులా ఆరుతుంది, లోపలి నీరు చల్లబడుతుంది. ఒక కుమ్మరి దుకాణం చూరుకు వేలాడుతున్న కూజాను చేత్తో తడిమి చూశాను. గాలికి ఎదురైన బుగ్గ చల్లగా ఉంది, వెనక బుగ్గ అంత లేదు. పలక మీద డయల్ గేజి చెప్పినదాన్ని కూజా అరచేతికి చెప్పింది.

అదే కూజా మస్కట్ రేవులో వేలాడదీస్తే అంత చల్లబడదు. గాలి అక్కడా వీస్తుంది, కానీ సముద్రపు తేమతో ముందే నిండి ఉంటుంది. 44 డిగ్రీల ఎండలో తేమ 10 శాతమే ఉంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 21 దగ్గరికి దిగుతుంది. 36 డిగ్రీలే ఉండి తేమ 70 శాతం ఉంటే 31 దగ్గర ఆగిపోతుంది. నిజామాబాదులో ఎయిర్ కూలర్ గదిని చలవ పందిరి చేస్తుంది, విశాఖలో అదే కూలర్ ఉబ్బరాన్ని పెంచుతుంది. మన ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే. జాన్ డాల్టన్ 1802 ప్రాంతంలోనే దీన్ని లెక్కగా చెప్పాడు: ఆవిరి అయ్యే వేగం రెండింటి మీద ఆధారపడుతుంది, తలం దగ్గరి తేమకూ గాలిలోని తేమకూ ఉన్న తేడా మీద, గాలి జోరు మీద. చిన్నగంజాం, నౌపడ ఉప్పు మడుల దగ్గర పనిచేసేవాళ్లకు డాల్టన్ పేరు తెలియకపోవచ్చు. పొడి గాలి తిరిగిన రోజు మడిలో ఉప్పు ఎలా గట్టిపడుతుందో వాళ్లను అడగండి.

మస్కట్ పొలిమేరలో, అల్ హైల్‌లో, 2004లో ఇదే సూత్రం మీద ఒక హరితగృహం కట్టారు. చార్లీ పేటన్ అనే బ్రిటన్ దేశస్థుడి ఆలోచన, సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం తోడ్పాటు. ఎదురు గోడంతా తేనెపట్టు అరల అట్ట. దాని మీంచి ఉప్పునీరు కారుతుంటే గాలి చల్లబడి, తేమ నింపుకుని మొక్కల మధ్యకు పోతుంది. చివర చల్లని గొట్టాల మీద ఆ తేమ మంచినీరుగా కారుతుంది. సముద్రపు నీటితో కూరగాయలు. ఆ అట్ట అరల కొలతలు ఎంతుండాలో తేల్చేది మళ్లీ మన పొరల శాస్త్రమే.

వహీబా ఇసుకలు చూడకుండా పోలేకపోయాను. ఇప్పుడు షర్ఖియా ఇసుకలంటున్నారు. సుమారు 12,500 చదరపు కిలోమీటర్ల మేర. బిదియా వైపు నుంచి ఎక్కితే ఉత్తర దక్షిణాలుగా సాగిన ఇసుక గట్లు, కొన్ని 100 మీటర్ల ఎత్తు. 1985 నుంచి 1987 వరకు లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఇక్కడ పెద్ద పరిశోధక దండును దించింది. కీటకాల నుంచి ఇసుక రేణువు దాకా అన్నీ చూశారు. వాళ్లందరి సంచుల్లోనూ ఉండే పుస్తకం ఒకటుంది. రాల్ఫ్ బాగ్నోల్డ్ 1941లో అచ్చు వేసినది. బాగ్నోల్డ్ బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు. లిబియా ఎడారుల్లో మోటారు బళ్లు నడిపి, ఇసుక ఎలా నడుస్తుందో తెలుసుకోవాలన్న తపనతో లండన్ ఇంపీరియల్ కాలేజీలో సొంతంగా గాలి సొరంగం కట్టించుకున్నాడు. రేణువు ఎగిరి, గాలి వేగాన్ని కొంత దోచుకుని, కిందపడి మరో రేణువును లేపుతుందని చూపించాడు. నేల మీద గాలి ఒరిపిడి వేగం రెట్టింపైతే కదిలే ఇసుక దాదాపు 8 రెట్లవుతుందన్న ఆయన లెక్క ఆధారంగానే ఇప్పుడు అంగారకుడి ఇసుక తిన్నెలను కూడా చదువుతున్నారు. ఇది ఆవిరి బదిలీ కాదు, నిజమే. కానీ పొర అదే.

వహీబా అంచున నన్ను ఆపేసింది ఇసుక కాదు, జమ్మి చెట్లు. ఒమానీలు గాఫ్ అంటారు. తెలంగాణ రాష్ట్ర వృక్షం, దసరా నాడు మనం మొక్కే జమ్మి, ఇక్కడ ఒంటెలకు నీడా మేతా. లోతుకు దిగే వేళ్లే కాక, రాత్రి పూట సముద్రం నుంచి వచ్చే మంచు చెమ్మ కూడా ఈ ఇసుకల్లోని చెట్లకూ పురుగులకూ ఆధారం. సన్నని ఆకు రెబ్బలు, సన్నని కొమ్మలు. ఆ సన్నదనం ఎందుకో సలాలా చేరాక చెప్తాను, అక్కడే అది బాగా తెలుస్తుంది.

ఆదం నుంచి హైమా, హైమా నుంచి తుమ్రైత్. ఈ దారి గురించి రాయడానికి ఎక్కువ లేదు. పెట్రోలు బంకులు, లారీలు, ఎండమావులు. రోడ్డుకు అడ్డంగా ఇసుక పాములా జారుతుంటుంది, మోకాలు ఎత్తు కూడా ఉండదు. ఈ ప్రాంతంలోనే హర్వీల్ దగ్గర 2019 నుంచి 13 గాలిమరలు తిరుగుతున్నాయి. మొత్తం 50 మెగావాట్లు, గల్ఫ్ దేశాల్లో ఈ పాటి పెద్దది ఇదే మొదటిది. నేల ఒరిపిడి గాలిని కింద నెమ్మది చేస్తుంది గనుక మరను అంత ఎత్తున పెట్టాల్సి వస్తుంది.

తుమ్రైత్ దాటి వాది దౌకా దగ్గర దిగాం. సలాలాకు సుమారు 40 కిలోమీటర్ల ఉత్తరాన, 2000లో యునెస్కో గుర్తింపు పొందిన లుబాన్ తోట. రోమ్, ఈజిప్టు గుళ్లలో ధూపమై కాలిన జిగురు ఈ చెట్లదే. మన అడవుల్లోని అందుగు చెట్టుకు దగ్గరి చుట్టం. బెరడు కాగితంలా పొరలు పొరలుగా లేస్తుంది. ఎండాకాలంలో చిన్న ఉలిలాంటి కత్తితో బెరడుకు గాటు పెడితే పాలలా ఊరుతుంది. గాలికి అందులోని తేలిక నూనెలు ఎగిరిపోయి, రోజులు గడిచేకొద్దీ గట్టిపడి, కన్నీటి బొట్టులా నిలుస్తుంది. ఒక పాత గాటు దగ్గర ముక్కు పెట్టాను. ఇంకా వాసన ఉంది. అంటే ఇంకా పోతోంది, అణువు అణువుగా, నా నాఫ్తలీన్ పలక మీంచి పోయినట్టే. ఈ చెట్టుకు పొడి గాలి కావాలి. కొండకు ఇవతల, ఖరీఫ్ అనే ఇక్కడి వానాకాలపు మంచు దాటిరాని చోటే ఇది బాగా పెరుగుతుంది.

కొండకు అవతల మాటే వేరు.

"ఇంగ పది నిమిషాలు సార్. ఏసీ ఆపేస్తా, అద్దాలు దించండి" అన్నాడు మా రాయచోటి అతను. బయట 40 దాటిన ఎండ. రోడ్డు పైకెక్కుతోంది. ముందు గట్టు మీద తెల్లటి మేఘం అంచు కనిపించింది, గోడ కట్టినట్టు. బండి అందులోకి దూరింది. ఒక్క మలుపు ఇవతల బోడి రాయి, అవతల పచ్చిక. అద్దం మీద నీళ్లు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అతను వైపర్లు వేసి నవ్వాడు. ఎన్నిసార్లు వచ్చినా ఈ మలుపు దగ్గర తనకు సొంతూరికి వచ్చినట్టుంటుందని చెప్పాడు.

జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా జరిగే ఈ వింతకు కారణం మన రుతుపవనమే. తూర్పు ఆఫ్రికా తీరం వెంట లేచి అరేబియా సముద్రం మీద దూసుకొచ్చే గాలి ధార సలాలా ఉన్న ధోఫార్ తీరానికి సమాంతరంగా వీస్తుంది. అది పై నీటిని తీరం నుంచి దూరంగా నెట్టేస్తే, అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. తేమ నిండిన గాలి ఆ చల్లని నీటిని ఆనుకుని పోతూ తన వేడిని ఇచ్చేస్తుంది, చల్లబడి మంచవుతుంది. పైన ఎడారి నుంచి వచ్చిన వేడి పొడి గాలి మూతలా కూర్చుంటుంది గనుక మేఘం ఎత్తుకు లేవలేదు, కొండ నెత్తి దాటి లోపలికీ పోలేదు. సముద్రానికీ మూతకూ మధ్య ఇరుక్కుని, కొండ వాలును ఒరుసుకుంటూ ఉండిపోతుంది. సలాలా, రాజమహేంద్రవరం దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, 17 డిగ్రీలు. ఒకే నెలలో అక్కడ గోదావరి ఎర్రబడుతుంది, ఇక్కడ కొండ మేఘంలో మునిగి ఉంటుంది.

ఇత్తీన్ కొండల మీద, ఆ తర్వాత దర్బాత్ లోయ పైన, అడవిలో చాలాసేపు తిరిగాను. ఇక్కడి ముఖ్యమైన చెట్టు మన తూర్పు కనుమల చిరుమానుకు సోదర జాతి, ధోఫార్ ప్రాంతంలో తప్ప ఎక్కడా పెద్దగా కనపడదు. చిన్న ఆకులు. ఎండాకాలంలో రాల్చేసి, ఖరీఫ్ రాగానే చిగురిస్తుంది. బండిని బయలులో నిలిపినప్పుడు అద్దం చెమ్మగిల్లడమే తప్ప చుక్క పడలేదు. చెట్టు కిందికి జరిపించాను. టాపు మీద టపటపా మొదలైంది. "వాన ఈడ మాత్రమే పడతాండాది ఏంది సార్?" అన్నాడు అతను.

వాన పడటం లేదు. చెట్టు మేఘాన్ని పిండుకుంటోంది. మంచు బొట్టు తలవెంట్రుక మందం కన్నా చిన్నది, నేలకు రాలేంత బరువుండదు. గాలి ఎటు పోతే అటు పోతుంది. దారిలో లావాటి మాను అడ్డం వస్తే గాలి ముందు నుంచే పక్కకు మళ్లుతుంది, చాలా బొట్లు దానితో పాటే తప్పుకుంటాయి. సన్నని పుల్ల, చిన్న ఆకు అడ్డం వస్తే గాలి ఆఖరి క్షణంలో చటుక్కున మలుపు తిరగాలి. బొట్టు తన బరువుతో ఆ మలుపు తిరగలేక నేరుగా గుద్దుకుంటుంది. గాలి జోరు పెరిగితే మరిన్ని గుద్దుకుంటాయి. అడ్డం ఎంత సన్నగా ఉంటే పట్టు అంత బాగుంటుంది. వహీబా జమ్మి రెబ్బల సన్నదనం గురించి ఇందుకే ఆగమన్నాను. ఈ కొండల మీద మంచు పట్టే వలలు నిలబెట్టి సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలతలు తీశారు. అవి కడియం నర్సరీల మీద పరిచే షేడ్‌నెట్ లాంటి వలలే. అల్లిక మరీ ఒత్తుగా ఉంటే గాలి వలలోకి రాకుండా చుట్టూ తిరిగిపోతుంది. మరీ పలచనైతే బొట్టు తాకకుండానే దాటిపోతుంది. ఆ నడిమి కొలతను మనిషి సొరంగాల్లో వెతుక్కున్నాడు. ఈ చెట్టుకు అది పుట్టుకతోనే ఉంది.

ఎం.ఐ.టి.కి చెందిన ఆంకె హిల్డెబ్రాంట్, ఎల్ఫతీ ఎల్తాహిర్ ఒమానీ సహచరులతో కలిసి ఈ అడవిలో కొలిచి, 2006, 2007 సంవత్సరాల్లో ప్రచురించిన పత్రాలను ముందే చదివి వెళ్లాను. వాళ్లు తేల్చినది క్లుప్తంగా ఇది. ఈ నేలకు వాన చాలదు. మామూలుగా అయితే ఇక్కడ అడవి బతకకూడదు. చెట్టు కొమ్మలు అడ్డంగా పోయే మేఘం నుంచి నీరు పట్టి కిందికి కార్చడం వల్ల నేలకు అదనపు నీరు చేరుతోంది. పైగా మేఘంలో మునిగి ఉన్నంత కాలం గాలిలో తేమ నిండుగా ఉంటుంది గనుక ఆకుల మీంచి ఆవిరి దాదాపుగా పోదు. డాల్టన్ చెప్పిన తేడా సున్నాకు దగ్గరగా వస్తుంది. అందువల్ల పట్టిన నీరంతా నేలలో దాచుకోవచ్చు. సెప్టెంబరులో మేఘం విడిపోయి ఎండ కాసినప్పుడు చెట్టు ఆ దాచిన నీటితో ఇంకొన్నాళ్లు పచ్చగా ఉంటుంది. అంటే ఈ అడవి తనకు కావలసిన తావును తానే కల్పించుకుంది.

వాళ్ల మాటల్లో నన్ను కలవరపెట్టినది మరొకటుంది. చెట్లు పోయి గడ్డి మిగిలితే, గడ్డి అంత ఎత్తున గాలికి అడ్డం నిలవలేదు, మేఘం నుంచి అంత నీరు పట్టలేదు. నీరు తగ్గితే కొత్త మొక్క చెట్టు కాలేదు. ఒకసారి నరికితే మళ్లీ తిరిగి రాని అడవి కావచ్చిది. నేల దగ్గర గాలి నెమ్మది, ఎత్తుకు పోయేకొద్దీ జోరు అన్నది ప్రాంట్ల్ పొర చెప్పే మొదటి పాఠం. రెండడుగుల మొక్క ఉండేది ఆ నెమ్మది గాలిలో. ఇరవై అడుగుల చెట్టు తల ఉండేది జోరు గాలిలో. ఒక్క పెద్ద చెట్టు చేసే పనిని నాటిన వంద మొక్కలు ఏళ్ల తరబడి చేయలేవు. కొండ మీద ఒంటెలు, పశువులు, మేకలు పెరిగాయి. కింది కొమ్మలు మేసి, చిగుళ్లు తుంచేసిన చెట్లు దారి పొడవునా కనిపించాయి. కంచె వేసి కాపాడిన ముక్క పక్కన, వేయని ముక్క చూస్తే తేడా చెప్పనక్కర్లేదు. పశువుల కాపర్లను తిట్టలేం, వాళ్ల బతుకు తరతరాలుగా అదే. కానీ ఈ చెట్లు ఆ దేశానికి నీటి పథకాలు. వాటిని ఆ పద్దు కిందే లెక్క వేయాలని నా గట్టి నమ్మకం.

మరునాడు ముగ్సైల్ తీరానికి పోయాం. రాతి కన్నాల్లోంచి సముద్రం ఈల వేసుకుంటూ ఆకాశానికి చిమ్ముతోంది. అంత అలజడిలో చేపల వేట ఉండదు. రుతువు మారాక ఈ తీరాల్లోనే సార్డీన్లు, మన ఉత్తరాంధ్రలో కవ్వళ్లనే చేపలు, ఇసుక మీద పరిచి ఎండబెడతారు. అవి ఒంటెలకూ పశువులకూ మేత. అడుగు నుంచి ఎగదన్నిన చల్లని నీరు మోసుకొచ్చే పోషకాలే ఆ చేపల గుంపులకు మూలం.

ఈ సముద్రం మీద 1994 అక్టోబరు నుంచి 1995 అక్టోబరు దాకా, ఒమాన్ తీరానికి ఆగ్నేయంగా నడిసంద్రంలో, అమెరికాలోని వుడ్స్ హోల్ సంస్థకు చెందిన రాబర్ట్ వెల్లర్ బృందం పరికరాలు అమర్చిన తేలియాడే బోయాను లంగరు వేసి నిలిపింది. గాలి వేగం, తేమ, ఎండ, నీటి వేడి ఏడాది పొడుగునా రాసింది. అంత జోరు రుతుపవనంలో సముద్రం బాగా ఆవిరై చల్లబడిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కొలిస్తే ఆ నెలల్లో సముద్రం నికరంగా వేడి పుంజుకుంటోందని తేలింది. గాలి జోరుగానే ఉంది, కానీ అది తేమతో నిండి వస్తోంది, నీటి నుంచి తీసుకునేది ఊహించినంత లేదు. శీతాకాలపు ఈశాన్య గాలి నెమ్మదిదే అయినా పొడిది, అప్పుడు సముద్రం వేడి కోల్పోయింది. బహ్లా కూజా, మస్కట్ చెమట చెప్పినదే నడిసంద్రమూ చెప్పింది. మన పొలాల మీద కురిసే వాన లెక్క ఈ నీటి తలం దగ్గరి లెక్కతో ముడిపడి ఉంది కనుక, అక్కడ ఒక బోయా నిలబెట్టడం మన రైతుకు దూరపు సంగతి కాదు.

దుబాయ్, అబుదాబి, మస్కట్‌లలో ఉన్న తెలుగువాళ్లు ఖరీఫ్‌కు ఏటా బళ్లు కట్టుకుని సలాలా వెళ్తారు. పచ్చిక మీద చాపలు పరుస్తారు, పొయ్యిలు వెలిగిస్తారు. వాళ్లకు ఒక మాట. పొయ్యిని చెట్టుకు దూరంగా పెట్టండి. ఊయలకనీ వంటకనీ కొమ్మలు విరవకండి, పచ్చిక మీద చక్రాలు తిప్పకండి. పిల్లల్ని ఒక పెద్ద చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, మొదట గాలికి ఎదురు వైపు కొమ్మను, తర్వాత వెనక వైపు కొమ్మను పట్టుకోమనండి. ఏ వైపు ఎక్కువ తడిగా ఉందో చెప్పమనండి. అదే రోజు గంట ప్రయాణంలో ఉన్న వాది దౌకాకు కూడా వెళ్లండి, చాలామంది వెళ్లరు. రెండూ చూస్తేనే ధోఫార్ చూసినట్టు.